తూటా స్థానంలోనా, లాఠీ స్థానంలోనా: పోలీసుల చేతికి స్టన్‌గన్ వస్తే మారేదేమిటి?

సంక్షిప్తంగా: విద్యుత్ షాక్‌తో మనిషిని కొన్ని సెకన్లపాటు కదలకుండా చేసే స్టన్‌గన్ కొన్ని సందర్భాల్లో ప్రాణాలు కాపాడగలదు. అయితే అది తుపాకీకి అన్నివేళలా ప్రత్యామ్నాయం కాదు. విదేశీ అనుభవాన్ని బట్టి చూస్తే అది తూటా స్థానాన్ని ఆక్రమించేది తక్కువ, లాఠీ, పెప్పర్ స్ప్రే వంటి వాటి స్థానాన్ని ఆక్రమించేది ఎక్కువ. కాబట్టి హైదరాబాద్‌కు సంబంధించి తేలాల్సింది ఆ పరికరం మంచిదా చెడ్డదా అన్నది కాదు. దాన్ని ఏ పరిస్థితిలో, ఎవరు, ఏ లెక్కాపత్రంతో వాడాలన్నదే.

పోలీసు కాల్పుల్లో నిందితుడు చనిపోయిన ప్రతిసారీ ఒక ప్రశ్న ముందుకు వస్తుంది. కాల్చి చంపే బదులు షాక్ ఇచ్చి పట్టుకోవచ్చు కదా అని. 2025 అక్టోబర్‌లో ఈ ప్రశ్న తెలంగాణలో మళ్లీ గట్టిగా వినిపించింది. నిజామాబాద్‌లో నిందితుణ్ణి బైక్‌పై స్టేషన్‌కు తీసుకెళ్తున్న సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్) కానిస్టేబుల్ కత్తిపోట్లకు బలయ్యారు. ఆ నిందితుడు కొద్ది రోజులకే ఆసుపత్రిలో పోలీసు కాల్పుల్లో మరణించాడు. ఆయుధం లాక్కోబోయాడని పోలీసులు చెప్పారు. అదే నెలలో హైదరాబాద్‌లోని చాదర్‌ఘాట్ వద్ద సెల్‌ఫోన్ దొంగలను పట్టుకునే క్రమంలో కత్తితో దాడి జరగడంతో డీసీపీ స్థాయి అధికారి కాల్పులు జరిపారు. ఒక ఘటనలో పోలీసు ప్రాణం, నిందితుడి ప్రాణం రెండూ పోయాయి. రెండో ఘటనలో అది వెంట్రుకవాసిలో తప్పింది. పోలీసులపై జరిగిన ఆ రెండు దాడుల్లోనూ ఎదుట ఉన్నది తుపాకీ కాదు, కత్తి. స్టన్‌గన్ గురించిన చర్చకు బలం అక్కడి నుంచే వస్తోంది.

ఆ ఐదు సెకన్లలో జరిగేది

టేజర్ అనే బ్రాండ్ పేరుతో ప్రపంచానికి పరిచయమైన ఈ పరికరాన్ని అమెరికా శాస్త్రవేత్త జాక్ కవర్ 1970ల్లో రూపొందించారు. తొలి నమూనాలో ఒంటికి గుచ్చుకునే ముళ్లను విసరడానికి తుపాకీ మందు వాడినందున అమెరికా ప్రభుత్వం దాన్ని తుపాకుల జాబితాలోనే చేర్చింది. 1990ల్లో మందుకు బదులు నైట్రోజన్ వాయువు పీడనాన్ని వాడటం మొదలైన తర్వాతే అది పోలీసు శాఖల్లోకి విస్తృతంగా వెళ్లింది.

దీని పనితీరు ఇది. ట్రిగ్గర్ నొక్కగానే గుళిక (కార్ట్రిడ్జ్) లోంచి సన్నని తీగలు కట్టిన రెండు ముళ్లు దూసుకెళ్లి ఎదుటివ్యక్తి దుస్తులకో చర్మానికో గుచ్చుకుంటాయి. రెండు ముళ్ల మధ్య శరీరం గుండా విద్యుత్ ప్రవహిస్తుంది. సెకనుకు సుమారు 19 సార్లు వచ్చే చిన్న చిన్న పల్స్‌లు కండరాలను నియంత్రించే నాడుల మీద పనిచేస్తాయి. మెదడు ఇచ్చే ఆజ్ఞకు సంబంధం లేకుండా కండరాలు బిగుసుకుపోతాయి. మనిషి నిలుచున్నచోటే కట్టెలా పడిపోతాడు. ఒకసారి నొక్కితే సాధారణంగా 5 సెకన్లు షాక్ వస్తుంది. ఆ సమయంలోనే పోలీసులు దగ్గరికి వెళ్లి బేడీలు వేయాలి. షాక్ ఆగిన మరుక్షణం మనిషి తేరుకుంటాడు. అంటే ఈ పరికరం ఇచ్చేది ఐదు సెకన్ల వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిని వాడుకోవడానికి రెండో పోలీసు పక్కన లేకపోతే దానివల్ల ఒరిగేది స్వల్పం. నిజామాబాద్ ఘటనలోలా ఒక్క కానిస్టేబుల్, వెనక సీటుపై నిందితుడు ఉన్న పరిస్థితిలో నడుముకు స్టన్‌గన్ ఉన్నా చేయగలిగేది చాలా తక్కువ. అక్కడ ముందుగా కావాల్సింది ఒక వాహనం, తోడుగా మరో మనిషి.

50,000 వోల్టులన్న మాట చాలామందిని భయపెడుతుంది. అంత వోల్టేజీ అవసరమయ్యేది గాలిలో, దుస్తుల మధ్య ఉన్న ఖాళీని దాటడానికి. ప్రచారంలో ఉన్న ఒక నమూనాలో శరీరాన్ని చేరేసరికి గరిష్ఠ వోల్టేజీ 1,200 దరిదాపుల్లో ఉంటుంది. సగటు కరెంటు కొద్ది మిల్లీఆంపియర్లు. ఇళ్లలో మెయిన్ బోర్డుకు బిగించే, కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్ల లీకేజీకి ట్రిప్ అవుతుందని గుర్తుంచుకుంటే తేడా అర్థమవుతుంది. ఇంట్లోని 230 వోల్టుల కరెంటు మనిషిని చంపేది ప్రధానంగా వోల్టేజీ వల్ల కాదు, శరీరం గుండా ఆగకుండా ప్రవహించే కరెంటు వల్ల. స్టన్‌గన్ ప్రమాదాన్ని అంచనా వేయడానికీ వోల్టేజీ అంకె ఒక్కటే సరిపోదు. పల్స్ వ్యవధి, ఎంతసేపు నొక్కిపట్టారు, ముళ్లు ఎక్కడ దిగాయి అన్నవి అంతకంటే ముఖ్యం.

ఆన్‌లైన్‌లో ఆత్మరక్షణ పేరుతో అమ్ముడయ్యే షాక్ టార్చ్‌లు వేరు. అవి ఒంటికి ఆనిస్తే నొప్పి కలిగిస్తాయి, కండరాలను స్తంభింపజేయలేవు. చర్చలో ఈ రెండూ తరచూ కలిసిపోతున్నాయి.

ఎక్కడ విఫలమవుతుంది

పాత నమూనాల్లో పై ముల్లు సూటిగా, కింది ముల్లు 8 డిగ్రీల వాలుతో వెళ్తాయి. ఎదుటివ్యక్తి సుమారు 2 మీటర్ల దూరంలో ఉంటే ముళ్ల మధ్య ఎడం 30 సెంటీమీటర్లు వస్తుంది. కండరాలు పూర్తిగా బిగుసుకోవడానికి కనీసం అంత ఎడం కావాలి. మరీ దగ్గరగా కాలిస్తే రెండు ముళ్లూ పక్కపక్కనే దిగి నొప్పి మాత్రమే మిగులుతుంది. మరీ దూరమైతే ఒక ముల్లు గురి తప్పుతుంది. ఒక్క ముల్లు తప్పినా విద్యుత్ వలయం పూర్తికాదు, షాక్ ఉండదు. మొత్తంమీద నమ్మకంగా పనిచేసే పరిధి రెండు మీటర్ల నుంచి ఆరేడు మీటర్ల వరకే. 2023లో వచ్చిన కొత్త నమూనా ముళ్లను విడివిడిగా పంపుతూ పరిధిని 13 మీటర్లు దాటించింది. అయినా ప్రాథమిక పరిమితి పోలేదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. కత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చే మనిషి 21 అడుగుల దూరాన్ని, అంటే సుమారు 6.4 మీటర్లను, ఒకటిన్నర సెకన్లలో దాటగలడని 1983లో అమెరికా పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ చూపించారు. స్టన్‌గన్ పనిచేసే దూరం, కత్తి ప్రాణాంతకమయ్యే దూరం దాదాపు ఒకటే. మొదటి ప్రయోగం విఫలమైతే రెండో అవకాశానికి సమయం మిగలదు. 2015-17 మధ్య అమెరికాలో పోలీసు కాల్పుల మరణాల్లో 250కి పైగా ఘటనల్లో అంతకుముందే టేజర్ వాడినా అది ఎదుటివ్యక్తిని ఆపలేకపోయిందని ఏపీఎం రిపోర్ట్స్ అనే వార్తా సంస్థ పరిశోధనలో తేలింది. అందుకే అనేక దేశాల శిక్షణలో ఒక సూత్రం ఉంది. ప్రాణాంతక ఆయుధం ఎదురైనప్పుడు ఒకరు స్టన్‌గన్ వాడుతుంటే ఇంకొకరు తుపాకీతో రక్షణగా నిలబడాలి. తుపాకీ అక్కర్లేకుండా చేసే పరికరాన్ని వాడటానికే వెనక ఒక తుపాకీ ఉండాలన్నమాట. ప్రజా చర్చలో ఈ విషయం దాదాపు వినిపించదు.

హైదరాబాద్ పరిస్థితులు ఈ సాంకేతికతకు కొంత అనుకూలం, కొంత ప్రతికూలం. చలిదేశాల్లో మందపాటి కోట్లు ముళ్లను అడ్డుకుంటాయి. ఇక్కడి పలుచని చొక్కాకు ఆ ఇబ్బంది లేదు. వదులుగా వేలాడే కుర్తా, లుంగీ, చీర, శాలువా, బురఖాల్లో మాత్రం ముల్లు గుడ్డకు తగులుకుని ఒంటికి దూరంగా ఆగిపోవచ్చు. సుల్తాన్‌బజార్, చార్మినార్ పరిసరాల్లాంటి ఇరుకు వీధుల్లో గురి తప్పిన ముల్లు దారినపోయేవారి కంట్లో పడే ప్రమాదం ఉంది. కాంక్రీటు రోడ్డుపై చేతులు ఆనించుకోలేకుండా పడిపోయే మనిషికి తలకు దెబ్బ తగలడం మరో ముప్పు. న్యూయార్క్‌లో 2008లో భవనం అంచుపై నిలబడిన వ్యక్తిపై టేజర్ వాడటంతో అతను కిందపడి చనిపోయాడు.

నిప్పు సంగతి వేరుగా చెప్పుకోవాలి. 2021లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పోలీసు స్టేషన్‌లో ఒంటిపై శానిటైజర్ పోసుకున్న వ్యక్తిపై టేజర్ ప్రయోగిస్తే మంటలు అంటుకున్నాయి. తెలంగాణలో కలెక్టరేట్ల ముందు, ప్రజావాణి దగ్గర ఒంటిపై పెట్రోలు పోసుకుని నిరసన తెలిపే బాధితులు కొత్త కాదు. అలాంటి మనిషిని కాపాడాలన్న ఉద్దేశంతోనే ఆ క్షణంలో స్టన్‌గన్ వాడినా ఒక్క నిప్పురవ్వ చాలు. ఇక్కడ నియమావళి రాస్తే పెట్రోలు వాసన ఉన్న చోట స్టన్‌గన్ తీయరాదన్నది మొదటి వరుసలోనే ఉండాలి.

ప్రాణాపాయం ఎంత?

ఒత్తిడిలో గానీ మత్తులో గానీ లేని ఆరోగ్యవంతులకు తక్కువ వ్యవధి షాక్ వల్ల తీవ్ర గాయం లేదా మరణం సంభవించే ముప్పు ఎక్కువని చెప్పడానికి నిర్ధారిత వైద్య ఆధారం లేదని అమెరికా జాతీయ న్యాయ సంస్థ అధ్యయనం 2011లో పేర్కొంది. ఆ వాక్యంలోని ప్రతి పదానికీ ప్రాధాన్యం ఉంది. ఆరోగ్యవంతులు, ఒత్తిడి లేదా మత్తు లేనివారు, తక్కువ వ్యవధి. పోలీసులకు ఎదురయ్యేవారిలో చాలామంది ఈ మూడింటిలో ఏదో ఒకదాని వెలుపల ఉంటారు. మద్యం లేదా మత్తుపదార్థాల ప్రభావంలో ఉన్నవారు, గుండె జబ్బున్నవారు, మానసిక సమస్యతో సతమతమవుతున్నవారు, వృద్ధులు, గర్భిణులు.

రాయిటర్స్ వార్తా సంస్థ 2017లో ప్రచురించిన పరిశోధనలో అమెరికాలో పోలీసులు టేజర్ వాడిన తర్వాత సంభవించిన 1,005 మరణాలను నమోదు చేసింది. వాటిలో 153 కేసుల్లో మరణానికి టేజర్ కారణమనో, ఒకానొక కారణమనో అధికారులు నిర్ధారించారు. మిగతావన్నీ పరికరం వల్లే జరిగాయనడం సరికాదు. 153 అన్నది చిన్న సంఖ్య అనడమూ సరికాదు. ఛాతీపై గురిపెట్టడం సాధ్యమైనంత వరకు మానుకోవాలని 2009లో తయారీ సంస్థ స్వయంగా సూచించింది. గుండెకు దగ్గరగా ముల్లు దిగితే లయ తప్పే అవకాశం గురించి అప్పటికే వైద్యుల్లో వాదన నడుస్తోంది.

ఎక్కువ మరణాల్లో కనిపించే లక్షణం పదేపదే ప్రయోగించడం, లేదా ట్రిగ్గర్‌ను వదలకుండా పట్టుకోవడం. 2007లో కెనడాలోని వాంకూవర్ విమానాశ్రయంలో భాష తెలియక గంటల తరబడి చిక్కుకుపోయి ఆందోళనలో ఉన్న పోలండ్ ప్రయాణికుడిపై పోలీసులు ఐదుసార్లు షాక్ ప్రయోగించారు. అతను అక్కడే మరణించాడు. దానిపై జరిగిన బ్రెయిడ్‌వుడ్ విచారణ ఆ దేశంలో నిబంధనలను మార్చింది. బ్రిటన్‌లో 2016లో మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు డాలియన్ అట్కిన్సన్‌పై 33 సెకన్లపాటు షాక్ కొనసాగింది. ఆ పోలీసుకు 2021లో శిక్ష పడింది. ఆస్ట్రేలియాలో 2023లో వృద్ధాశ్రమంలో వాకర్ సాయంతో నడుస్తూ చేతిలో కత్తి పట్టుకున్న 95 ఏళ్ల వృద్ధురాలిపై టేజర్ వాడారు. ఆమె పడిపోయి తలకు దెబ్బతగిలి మరణించారు. ఆ పోలీసూ దోషిగా తేలాడు. ఈ మూడు ఘటనల్లోనూ పరికరంలో సాంకేతిక లోపం లేదు. వాంకూవర్ ప్రయాణికుడితో, ఆస్ట్రేలియా వృద్ధురాలితో వ్యవహరించడానికి కాస్త ఓపిక సరిపోయేది.

తుపాకీ వాడకం తగ్గిందా?

అమెరికాలో 12 పోలీసు శాఖలకు చెందిన 24 వేలకు పైగా బలప్రయోగ ఘటనలను పరిశీలించిన అధ్యయనం 2009లో వెలువడింది. స్టన్‌గన్ వాడిన చోట నిందితులకు గాయాలయ్యే అవకాశం సగానికి పైగా తగ్గిందని తేల్చింది. పిడిగుద్దులు, లాఠీ దెబ్బలు, కిందపడేసి మోకాలితో అదమడం వంటివాటితో పోలిస్తే ఇది నిజమైన మేలే.

షికాగోలో 2010 నుంచి గస్తీ పోలీసులకు టేజర్లను విస్తృతంగా ఇచ్చిన అనుభవాన్ని ఆర్థికవేత్తలు బోకార్ బా, జెఫ్రీ గ్రోగర్ పరిశీలించారు. పోలీసులకు గాయాలు తగ్గాయి. తుపాకీ వాడకంలో మాత్రం మార్పు కనిపించలేదు. అంటే కొత్త పరికరం వాడింది తుపాకీ తీసే సందర్భంలో కాదు, చేతులతోనో కర్రతోనో సరిపెట్టే సందర్భంలో. సిటీ ఆఫ్ లండన్ పోలీసులపై కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జరిపిన ప్రయోగంలో మరో కోణం బయటపడింది. నడుముకు టేజర్ కనిపించేలా పెట్టుకున్న పోలీసులు, లేనివారికంటే 48 శాతం ఎక్కువగా బలప్రయోగానికి దిగారు. ఆ బలప్రయోగంలో టేజర్ పేల్చింది మాత్రం అరుదు. ఆయుధం కనబడటమే ఇరుపక్షాల ప్రవర్తననూ మార్చిందని పరిశోధకుల వివరణ.

బ్రిటన్ అధికారిక లెక్కల్లో ఇంకో విషయం ఉంది. టేజర్ బయటికి తీసిన అత్యధిక సందర్భాల్లో దాన్ని పేల్చాల్సిన అవసరమే రాలేదు. ఎర్రని లేజర్ చుక్క ఛాతీపై పడగానే ఎదుటివ్యక్తి లొంగిపోయాడు. ఆ దేశంలో మామూలు పోలీసులకు తుపాకీ ఉండదు, టేజర్ కూడా ప్రత్యేక శిక్షణ పొందినవారికే ఇస్తారు. హైదరాబాద్‌ను పోల్చాల్సింది షికాగోతో కంటే లండన్‌తోనే. ఇక్కడా వీధుల్లో గస్తీ తిరిగే కానిస్టేబుళ్ల చేతిలో ఎక్కువగా ఉండేది లాఠీ. తుపాకీ ఉండేది ఎస్సై, ఆపై అధికారులు, గన్‌మన్‌లు, ఎస్కార్ట్ సిబ్బంది, టాస్క్‌ఫోర్స్ వంటి బృందాల దగ్గర. గస్తీ కానిస్టేబుళ్లందరికీ స్టన్‌గన్‌లు పంచితే అవి ప్రత్యామ్నాయమయ్యేది లాఠీకే.

తెలంగాణలో కాల్పులు జరిగే తీరు

ఇక్కడి వివాదాస్పద కాల్పుల్లో చాలావరకు వీధిలో అనుకోకుండా ఎదురైన ఘర్షణలు కావు. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకొస్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు వద్ద పోలీసు వ్యాన్‌లోనే కాల్పుల్లో మరణించారు. ఆయుధం లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. బేడీలతో ఉన్న మృతదేహాల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురూ చనిపోయినప్పుడూ ఆయుధాలు లాక్కున్నారన్నదే వివరణ. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ ఆ వివరణను నమ్మలేదు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని 2022లో బయటికి వచ్చిన నివేదికలో పేర్కొంది.

ఇలాంటి సందర్భాల్లో స్టన్‌గన్ ఉంటే ఏమయ్యేదన్నదానికి జవాబు రెండు రకాలుగా ఉంటుంది. పోలీసుల వివరణ నిజమనుకుంటే ఎస్కార్ట్ డ్యూటీ స్టన్‌గన్‌కు అత్యంత అనువైన చోటు. నిందితులు దగ్గరలో ఉంటారు, పోలీసులు ఎక్కువమంది ఉంటారు, తుపాకీతో వెనక నిలబడేవారూ ఉంటారు. కమిషన్ చెప్పిందే నిజమనుకుంటే ఏ పరికరమూ ఆ మరణాలను ఆపేది కాదు. చంపాలనుకున్నవారికి ప్రత్యామ్నాయం అక్కర్లేదు. అయితే ఎస్కార్ట్ బృందం దగ్గర స్టన్‌గన్ ఉండటం తప్పనిసరి అయితే, దాన్ని ఎందుకు వాడలేదన్న ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు. ఈ ఒక్క కారణం చేత కూడా ఎస్కార్ట్ బృందాలతో మొదలుపెట్టడం సబబు.

ఎదుటివారి చేతిలో తుపాకీ ఉంటే పరిస్థితి వేరు. 2025 ఫిబ్రవరిలో గచ్చిబౌలిలోని ఒక పబ్ వద్ద పాత నేరస్థుణ్ణి పట్టుకోబోయిన హెడ్ కానిస్టేబుల్ కాలికి తూటా తగిలింది. అలాంటి చోట స్టన్‌గన్‌కు పాత్ర లేదు.

చట్టంలో ఉన్న ఖాళీ

అరెస్టుకు అవసరమైన బలాన్ని వాడే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్ ఇస్తుంది. మరణశిక్ష లేదా యావజ్జీవ శిక్ష పడే నేరారోపణ లేని వ్యక్తికి ఆ క్రమంలో మరణం కలిగించే హక్కు మాత్రం ఇవ్వదు. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో వేరుగా ఉంది. ఎన్‌కౌంటర్ మరణాలపై జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997లో ఇచ్చిన మార్గదర్శకాలకు మూలం ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదే. 2014లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 16 సూత్రాలు నిర్దేశించింది. ఎఫ్ఐఆర్, వేరే స్టేషన్ లేదా సీఐడీ దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ తప్పనిసరి చేసింది. తీవ్ర గాయాల కేసులకూ వీలైనంత వరకు ఇవే వర్తిస్తాయని చెప్పింది.

ఖాళీ సరిగ్గా ఇక్కడ ఉంది. ప్రాణం పోతే, తీవ్ర గాయమైతే విచారణ జరుగుతుంది. చర్మంపై రెండు చిన్న మచ్చలు తప్ప ఆనవాలు మిగల్చని షాక్‌కు ఈ సూత్రాలు వర్తించవు. ఠాణాలో కరెంట్ షాక్ ఇచ్చారన్న ఆరోపణలు ఈ రాష్ట్రంలో ఎవరికీ కొత్తగా అనిపించవు. చాలా స్టన్‌గన్ నమూనాలను ముళ్లు వదలకుండా నేరుగా ఒంటికి ఆనించి కూడా వాడొచ్చు. అప్పుడు కండరాలు స్తంభించవు, భరించలేని నొప్పి మాత్రమే కలుగుతుంది. ఒక మనిషిని ఆపడానికి ఆ విధానం పెద్దగా ఉపయోగపడదు, హింసించడానికి ఉపయోగపడుతుంది. అలా నేరుగా ఆనించి షాక్ ఇచ్చే పరికరాలను నిషేధించాలని చిత్రహింసలపై ఐక్యరాజ్య సమితి ప్రత్యేక ప్రతినిధి 2023లో కోరారు. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందంపై భారత్ 1997లో సంతకం చేసింది కానీ నేటికీ ఆమోదముద్ర వేయలేదు. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కెమెరా పనిచేయని గదిలో స్టన్‌గన్ ఉండటమంటే ఏమిటో ఊహించడం కష్టం కాదు. కొనుగోలుకు ముందే ఆనించి వాడే సౌకర్యం లేని నమూనాలనో, దాన్ని నిలిపివేయగల నమూనాలనో కోరడం, పరికరాన్ని ఇంటరాగేషన్ గదిలోకి తీసుకెళ్లడాన్ని పూర్తిగా నిషేధించడం అవసరం.

పరికరం దాచుకునే లెక్క

లాఠీకీ స్టన్‌గన్‌కూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. లాఠీ ఎన్ని దెబ్బలు వేసిందో దానికి గుర్తుండదు. ఆధునిక స్టన్‌గన్ మాత్రం ట్రిగ్గర్ ఎప్పుడు నొక్కారు, ఎన్నిసార్లు నొక్కారు, షాక్ ఎన్ని సెకన్లు నడిచింది అన్నది తనలోనే నమోదు చేసుకుంటుంది. అనేక నమూనాల్లో గుళిక పేలినప్పుడు సీరియల్ నంబర్లు ముద్రించిన చిన్న చిన్న కాగితపు బిళ్లలు నేలపై చెల్లాచెదురుగా పడతాయి. ఏ గుళిక, ఎవరి పేరుతో స్టోర్ నుంచి వెళ్లిందో వాటితో తేలుతుంది. అట్కిన్సన్ కేసులో 33 సెకన్లన్న అంకె కోర్టు ముందుకు వచ్చింది పరికరం నమోదు చేసిన లెక్క వల్లనే. ఎన్‌కౌంటర్ల విషయంలో ఇక్కడ ఎప్పుడూ తేలనిది సరిగ్గా అదే: ఏ క్షణంలో ఏం జరిగింది, ఎవరు ముందు.

ఈ లెక్క పనికిరావాలంటే అది వాడిన స్టేషన్ చేతిలో ఉండకూడదు. వాడిన ప్రతిసారీ, పేల్చకుండా గురిపెట్టినా సరే, ఆ డేటాను నిర్ణీత గంటల్లో జిల్లా న్యాయమూర్తికో, పోలీసు శాఖకు వెలుపలి సంస్థకో అందేలా చేయాలి. షాక్ తగిలిన ప్రతి వ్యక్తినీ మెజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్లడానికి ముందే ప్రభుత్వ వైద్యుడు పరీక్షించి, ముళ్లు దిగిన చోటును రాతపూర్వకంగా నమోదు చేయాలి. తుపాకీ అనుకుని స్టన్‌గన్, స్టన్‌గన్ అనుకుని తుపాకీ తీసే పొరపాటు మరొకటి. 2021లో అమెరికాలోని మినెసోటాలో ఒక యువకుడి ప్రాణం తీసింది ఆ పొరపాటే. స్టన్‌గన్‌ను తుపాకీ ఉన్న వైపు కాకుండా రెండో వైపు పెట్టుకోవాలన్నది ఖర్చులేని నియమం. దాన్ని చేతికి అలవాటయ్యేలా నేర్పడానికి మాత్రం ఒక రోజు ప్రదర్శన చాలదు. హిమాయత్‌సాగర్‌లోని పోలీసు అకాడమీలో ఏటా పునశ్చరణ శిక్షణకు సమయం, ఒకసారికే పనికొచ్చే గుళికలకు బడ్జెట్ కేటాయించాల్సి ఉంటుంది. టెండర్ పత్రంలో పరికరాల సంఖ్య పక్కనే శిక్షణ గుళికల సంఖ్య కూడా ఎంత ఉందో చూస్తే ప్రభుత్వం ఉద్దేశం ఏమిటో అక్కడే తెలిసిపోతుంది.